ఉత్తరకుమారుడికి పగ్గాలిచ్చే చోటు: ‘తప్పు హీరో’ కథల కోసం ఏఓ3 ఎంతవరకు పనికొస్తుంది

ఏరికోరి నిలబెట్టిన హీరో తీరా సమయానికి ఆ పనికి సరిపోడని తేలుతుంది. ఈ ఒక్క మలుపు చుట్టూ, నచ్చిన పుస్తకాల, సినిమాల పాత్రలతో అభిమానులు రాసుకునే ఫ్యాన్ ఫిక్షన్‌లో ఒక పెద్ద శాఖే పెరిగింది. జోస్యం ఒకరి గురించి చెబితే పెద్దలు ఇంకొకర్ని పట్టుకొస్తారు. గుర్తు తమ్ముడి మీద ఉంటే దండ అన్న మెడలో పడుతుంది. లేదా మనిషి సరైనవాడే, కానీ ఆ బరువు మోసే భుజం అతనికి లేదు. ఇలాంటి కథలు చదవాలన్నా, బెజవాడలో కూర్చుని తెలుగులో ఒకటి రాసి పెట్టాలన్నా ఏ సర్వీసు వాడాలని అడిగితే మా జవాబు ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్. అందరూ పిలిచే పేరు ఏఓ3. 5కి 4 మార్కులు ఇస్తున్నాం. ఒక మార్కు ఎక్కడ తగ్గిందో తెలుగులో పోస్ట్ చేయడం దగ్గరికి వచ్చేసరికి అర్థమవుతుంది.

ముందు సర్వీసు సంగతి. ఆర్గనైజేషన్ ఫర్ ట్రాన్స్‌ఫర్మేటివ్ వర్క్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ దీన్ని నడుపుతుంది. ఆ సంస్థ 2007లో మొదలైంది, సైటు 2009 నవంబరులో అందరికీ తెరుచుకుంది, 2019లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రంగంలో ఇచ్చే హ్యూగో అవార్డు కూడా అందుకుంది. ప్రకటనలు లేవు, నెలవారీ చందా లేదు. విరాళాలతో, వాలంటీర్ల శ్రమతో నడుస్తుంది. చదవడానికి అకౌంట్ అక్కర్లేదు. కొందరు రచయితలు తమ కథల్ని సభ్యులకు మాత్రమే తెరుస్తారు, వాటికి మాత్రం కావాలి. అకౌంట్‌కు నేరుగా రిజిస్టర్ చేసుకోవడం కుదరదు. ఈమెయిల్ ఇచ్చి వరుసలో నిలబడితే ఆహ్వానం వస్తుంది. రద్దీని బట్టి కొన్ని రోజులు పట్టవచ్చు. స్పామ్ ఫోల్డర్ చూడటం మర్చిపోకండి, ఆహ్వానాలు ఎక్కువగా పోయేది అక్కడికే. అధికారిక యాప్ అంటూ ఏదీ లేదు. యాప్ స్టోర్లలో ఆ పేరుతో కనిపించేవి వేరేవాళ్లు చేసినవి, వాటిలో మీ పాస్‌వర్డ్ కొట్టకండి. ఫోన్ బ్రౌజర్ చాలు.

ఈ రకం కథలకు ఇదే ఎందుకు? ట్యాగుల వల్ల. కథల యాప్ ప్రతిలిపిలో తెలుగు పాఠకులు ఎక్కువ, తెలుగు కథలూ ఎక్కువ. కానీ అక్కడి వర్గాలు ప్రేమ, కుటుంబం, సస్పెన్స్ లాంటి పెద్ద గంపలు. ‘తప్పు మనిషిని ఎంచుకున్న కథ’ అన్న చిన్న గిన్నె అందులో దొరకదు. ఏఓ3లో ప్రతి కథకూ ఫ్యాండమ్ (అది ఏ పుస్తకం లేదా సినిమా లోకానిదో), పాత్రలు, పాత్రల మధ్య బంధం, అదనపు ట్యాగులు అని విడివిడి గళ్లుంటాయి. ట్యాగ్ రాంగ్లర్లనే వాలంటీర్లు కూర్చుని, ఒకే అర్థమున్న పది రకాల మాటల్ని ఒక ప్రధాన ట్యాగు కిందికి కలుపుతారు. రచయిత ఎలా రాసినా, ప్రధాన ట్యాగు నొక్కితే అన్నీ ఒకచోటికొస్తాయి. అంతకంటే ముఖ్యం, వద్దనుకున్న ట్యాగుని తీసేయొచ్చు. ‘తప్పు హీరో’ కథలు వెతికేవాళ్లకు కావలసిన దాన్ని పట్టడం కన్నా అక్కర్లేనిదాన్ని ఏరిపారేయడంలోనే సగం పని ఉంటుంది.

ఎందుకో చెప్పాలంటే హ్యారీ పాటర్ ఫ్యాండమ్‌కి వెళ్లాలి, ఈ శాఖకు అదే పుట్టిల్లు. 2003లో వచ్చిన ఐదో పుస్తకంలో జోస్యం పూర్తిపాఠం బయటపడుతుంది. దుష్ట మాంత్రికుడు వోల్డెమార్ట్‌ని ఓడించగలవాడు ఏడో నెల ముగిసే వేళ పుట్టే బిడ్డ అని అది చెబుతుంది తప్ప పేరు చెప్పదు. ఆ లెక్కకు ఇద్దరు పిల్లలు సరిపోతారు: జులై 30న పుట్టిన నెవిల్, 31న పుట్టిన హ్యారీ. వీళ్లలో ఎవరన్నది తేల్చింది దేవుడు కాదు, గురువూ కాదు, శత్రువు. అతను ఎవరి ఇంటికి వెళ్లాడో వాడే వీరుడయ్యాడు. ఫ్యాన్ ఫిక్షన్ రచయితలకు ఈ సందు చాలు. రెండు పాయలుగా చీలారు. మొదటి పాయలో శత్రువు నెవిల్ ఇంటికి వెళ్తాడు. రెండో పాయ పేరు ‘రాంగ్ బాయ్ హూ లివ్డ్’. ఇందులో హ్యారీకి ఒక కవల ఉంటాడు. దాడి జరిగిన రాత్రి ఇద్దరు పసివాళ్లూ బతుకుతారు. చీకట్లో, కూలిన ఇంట్లో, కంగారులో గురువు డంబుల్‌డోర్ ఒకడి ఒంటిమీది గాయం చూసి ‘వీడే’ అంటాడు. ఆ మాటతో ఒకడు పదకొండేళ్లు పల్లకీలో పెరుగుతాడు, ఇంకొకడు గోడవారగా పెరుగుతాడు.

బీజం చాలా బలమైనది. పాడవడం కూడా అంతే తేలిక. మూడొంతుల కథల్లో జరిగేది ఇది: పల్లకీ ఎక్కిన పిల్లాడు మొదటి పేజీ నుంచే మొండి, పొగరు, తిండిపోతు. పక్కనున్నవాడు మొదటి పేజీ నుంచే మేధావి. ఇంకేం మిగిలింది? ఇరవై అధ్యాయాల పాటు ఒకర్ని తిట్టడం, ఇంకొకర్ని పొగడటం. దీన్ని ఆ లోకంలో ‘బ్యాషింగ్’ అంటారు. ఈ మాటకే ప్రత్యేకంగా ట్యాగులున్నాయి, పాత్ర పేరు పక్కన బ్యాషింగ్ అని. నిజాయితీ ఉన్న రచయితలు దాన్ని తగిలిస్తారు. కాబట్టి అదే మీ చేతిలో జల్లెడ.

వెతికే పద్ధతి వివరంగా చెబుతాం. ట్యాగులన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. మొదట ఫ్యాండమ్ పేజీ తెరిచి ఫిల్టర్ల పట్టీ తీయండి. ఫోన్‌లో అయితే ‘ఫిల్టర్స్’ అన్న మీట నొక్కితే పక్కనుంచి వస్తుంది. అందులో రెండు భాగాలుంటాయి, పైన చేర్చేవి, కింద తీసేసేవి. చేర్చే వైపు ‘అదర్ ట్యాగ్స్ టు ఇంక్లూడ్’ గడిలో ‘రాంగ్ బాయ్ హూ లివ్డ్’ అని కొడుతుంటే కింద జాబితా దిగుతుంది. జాబితాలోదే ఎంచుకోండి. సొంతంగా కొట్టి వదిలేస్తే ప్రధాన ట్యాగుకు తగలక సగం కథలు జారిపోవచ్చు. తీసేసే వైపు బ్యాషింగ్ ట్యాగులు ఒక్కొక్కటే పెట్టండి. గురువు పేరుతో ఒకటి, స్నేహితుడి పేరుతో ఒకటి, తల్లిదండ్రుల పేర్లతో ఒకటి. ఈ నాలుగైదు తీసేస్తేనే జాబితా బాగా పలచబడుతుంది. తర్వాత క్రాసోవర్లు వద్దనండి, లేకపోతే మూడు వేరే లోకాల కలగూరగంప వస్తుంది. పూర్తయినవే చూపించమనండి. పదాల సంఖ్య 20,000 నుంచి 1,00,000 మధ్య పెట్టండి. 20,000 లోపు కథలో ఎంపిక, పరీక్ష, పతనం, తర్వాతి బతుకు నాలుగూ పట్టవు. లక్ష దాటితే మధ్యలో పాఠశాల దినచర్యలు వచ్చి చేరతాయి.

వరుస ఎలా పెట్టాలన్నది ఇంకో చిక్కు. అందరూ కుడోస్ ప్రకారం పెడతారు. కుడోస్ అంటే ఒక పాఠకుడు ఒక కథకు ఒక్కసారే ఇవ్వగలిగే మెచ్చుకోలు. ఏళ్ల తరబడి పోగవుతుంది కాబట్టి పాతవే పైన కూర్చుంటాయి. హిట్లు అసలు నమ్మొద్దు. నలభై అధ్యాయాల కథకు అదే పాఠకుడు నలభై రోజులు వచ్చినా హిట్లు పెరుగుతూనే ఉంటాయి. బుక్‌మార్కుల ప్రకారం పెట్టి చూడండి, మళ్లీ చదవాలనుకున్నవాళ్లు దాచుకున్నవి పైకొస్తాయి. దానికి తేదీల హద్దు కూడా జోడిస్తే గత రెండు మూడేళ్లలో వచ్చిన మంచివి బయటపడతాయి. ఇదంతా ఒకసారి అమర్చుకున్నాక ఆ పేజీ లింకుని బ్రౌజర్‌లో దాచుకోండి. ఫిల్టర్లన్నీ లింకులోనే ఉంటాయి, వారానికోసారి తెరిస్తే చాలు.

రెండు గుర్తుల తేడా తెలియక చాలామంది దారి తప్పుతారు. ఇద్దరి పేర్ల మధ్య ఏటవాలు గీత ఉంటే అది ప్రణయం. ‘అండ్’ గుర్తు ఉంటే స్నేహం, అన్నదమ్ముల బంధం, గురుశిష్య సంబంధం. తప్పు హీరోకీ అసలు హీరోకీ మధ్య వైరం, పశ్చాత్తాపం కావాలంటే రెండోదే ఎంచుకోండి. హెచ్చరికల గడి కూడా చదవండి. ‘రచయిత హెచ్చరికలు చెప్పదలచుకోలేదు’ అని ఉంటే లోపల ఏమైనా ఉండొచ్చని అర్థం, ఏమీ లేదని కాదు. అకౌంట్‌కి కనీస వయసు 13 ఏళ్లు, కానీ చదవడానికి అడ్డు పెద్దగా లేదు. ఇంట్లో హైస్కూలు పిల్లలకు చూపించేటప్పుడు మెచ్యూర్, ఎక్స్‌ప్లిసిట్, నాట్ రేటెడ్ అనే మూడు రేటింగులూ తీసేసి లింకు ఇవ్వండి.

అధ్యాయాల దగ్గర 12/12 అని ఉంటే ముగిసింది. 12/? అంటే రచయితకే తెలియదు. ఈ రకం కథలు ఎక్కువగా ఆగిపోయే చోటు ఒకటుంది: అసలు హీరో ఎవరో లోకానికి తెలిసిన అధ్యాయం. అప్పటిదాకా కథను లాగింది ఆ రహస్యమే. అది బయటపడ్డాక తప్పు హీరో ఏమవుతాడన్నది రచయిత ఆలోచించి ఉండడు. అందుకే పూర్తయినవే చూడమని గట్టిగా చెబుతున్నాం.

ఇక్కడే మనకు ఇంట్లో ఉన్న కొలబద్ద పనికొస్తుంది. తప్పు హీరో కథ ఎలా నడవాలో విరాటపర్వం కన్నా బాగా చూపించినది మాకు కనబడలేదు. తెలుగులో ఆ పర్వం తిక్కనది. ఆయన తాత మంత్రి భాస్కరుడు గుంటూరు విభుడు, అంటే ఈ పాఠం మన ఇంటిదే. ‘ఉత్తరకుమార ప్రగల్భాలు’ అని వాడి వాడి మనం కథలో మొదటి పావు వంతు మాత్రమే గుర్తుపెట్టుకున్నాం.

మొత్తం చూడండి. విరాటరాజు దక్షిణాన సుశర్మతో పోరుకు వెళ్లాడు. ఉత్తరాన కౌరవులు ఆవుల్ని తోలుకుపోతున్నారు. ఊళ్లో మిగిలిన రాకుమారుడు ఒక్కడే, కాబట్టి వాడే వీరుడు. ఎంపిక జరిగిన తీరు అదీ, ఇంకెవరూ లేకపోవడం. అంతఃపురంలో ఆడవాళ్ల మధ్య కూర్చుని, సరైన సారథి లేడు గానీ ఉంటేనా అంటాడు. సైరంధ్రి బృహన్నలను చూపిస్తుంది. పిల్లలు బొమ్మపొత్తికలకు మంచి బట్టలు తెమ్మని అడుగుతారు. రథం కదిలి కౌరవసేన కనబడగానే కుమారుడు దిగి పరుగు. బృహన్నల వెంటపడి జుట్టు పట్టుకుని వెనక్కి లాక్కొస్తాడు. మనం నవ్వి ఆపేసేది ఇక్కడే. కథ మొదలయ్యేదీ ఇక్కడే.

అర్జునుడు వాణ్ణి ఇంటికి పంపెయ్యడు. చంపెయ్యడు. ‘నువ్వు పగ్గాలు పట్టు, నేను పోరాడతాను’ అంటాడు. జమ్మిచెట్టు దగ్గర ఆపి ఎక్కమంటాడు. పైన శవం ఉందని లోకం అనుకునే మూట. వణుకుతూనే ఎక్కి ఆయుధాలు దింపుతాడు. నువ్వు అర్జునుడివైతే పది పేర్లూ చెప్పమని అడుగుతాడు. విన్నాక భయం తగ్గుతుంది, పగ్గాలు పడతాడు. భీష్మద్రోణుల బాణాల మధ్య రథం తోలినవాడు, గంట క్రితం పారిపోయినవాడు ఒక్కడే. గెలిచాక అర్జునుడు ‘నువ్వే గెలిచానని చెప్పుకో’ అంటాడు. అక్కడ కొలువులో తండ్రి కొడుకు గొప్పలు చెబుతుంటే, బృహన్నల ఉండగా గెలవక ఏమవుతుందన్న కంకుడి ముఖాన పాచికలు విసురుతాడు, రక్తం చిందుతుంది. సరిగ్గా అప్పుడు వచ్చిన ఉత్తరుడు గెలుపు తనదని చెప్పుకోడు. ఒక దేవకుమారుడు గెలిచాడంటాడు. కోరి ఇచ్చిన అబద్ధాన్ని కాదన్న ఆ క్షణమే వాడి శౌర్యం. చివరికి కురుక్షేత్రంలో మొదటిరోజే శల్యుడి చేతిలో, పోరాడుతూ పోతాడు.

ఈ కొలబద్దతో ఏఓ3 కథ మొదటి రెండు అధ్యాయాలు చదివితే మిగతాది ఎలా ఉంటుందో చెప్పెయ్యొచ్చు. ఎవరు ఎంచుకున్నారు, ఏ అవసరంతో ఎంచుకున్నారు అన్నది కథలో ఉందా? ఉంటే మంచి గుర్తు. లేకుండా ‘విధి’ అని వదిలేస్తే తప్పు మొత్తం పిల్లాడి మీదే పడుతుంది, బ్యాషింగ్ అక్కడి నుంచే పుడుతుంది. తప్పు హీరో చేసిన మొదటి పొరపాటుకు మూల్యం ఎవరు చెల్లించారు? కంకుడి ముక్కున కారిన రక్తం లాంటిది ఒకటి ఉండాలి. సీటు మారాక అతనికి చెయ్యడానికి నిజమైన పని ఉందా? పగ్గాలు పట్టడం చిన్న పని కాదు. చాలా కథల్లో తప్పు హీరోకి క్షమాపణ చెప్పడం తప్ప పని ఉండదు. అలాంటివి మొదటి మూడు అధ్యాయాల్లోనే వదిలెయ్యండి, ముందుముందు బాగుపడవు.

ఎంచుకున్నవాళ్ల తప్పుని చూపించడంలో బాహుబలి ఫ్యాండమ్ బాగా పనికొస్తుంది. తెలుగు పాఠకులు మొదలుపెట్టడానికీ అదే తేలిక. మొదటి సినిమాలో శివగామి పెట్టిన పరీక్ష సరైనదే. కాలకేయ నాయకుణ్ణి చంపింది భల్లాలుడైనా, ప్రజల ప్రాణాలు చూసుకున్న బాహుబలికే కిరీటం అంది. రెండో సినిమాలో ఇచ్చిన మాటకు కట్టుబడి అదే చేత్తో తీసి భల్లాలుడికి పెట్టింది. ఒకే మనిషి ఒకసారి సరిగా, ఒకసారి తప్పుగా ఎంచుకుంది. ‘ఆల్టర్నేట్ యూనివర్స్ – కేనన్ డైవర్జెన్స్’ ట్యాగుతో ఈ ఫ్యాండమ్‌లో వెతకండి. అసలు కథ ఒక బిందువు దగ్గర దారి మళ్లితే ఏమవుతుందన్నది ఈ ట్యాగు అర్థం. భల్లాలుణ్ణి రాక్షసుణ్ణి చెయ్యకుండా, సమర్థుడే గానీ ఆ కుర్చీకి సరిపోనివాడిగా రాసినవి ఏరుకోండి. మహాభారతం కూడా వ్యాసుడి పేరుతో ఒక ఫ్యాండమ్‌గా ఉంది. అందులో కర్ణుడి మీద ఎక్కువ, ఉత్తరుడి మీద బాగా తక్కువ. తెలుగు రచయితలకు ఖాళీ స్థలం అక్కడుంది.

కథ నచ్చితే వెంటనే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఈపబ్, ఏజడ్‌డబ్ల్యూ3, మోబీ, పీడీఎఫ్, హెచ్‌టీఎంఎల్ అయిదు రకాల్లో ఇస్తారు. రచయిత ఎప్పుడైనా తన కథ తీసేయొచ్చు, అది వాళ్ల హక్కు. కొందరు తీసెయ్యకుండా ‘ఆర్ఫన్’ చేస్తారు, పేరు పోతుంది, కథ ఉంటుంది. తెలుగు కథైతే హెచ్‌టీఎంఎల్ తీసుకుని ఫోన్ బ్రౌజర్‌లో తెరవడం మేలు, అక్షరాలు ఫోన్‌లో ఉన్న ఫాంటుతో సరిగా కనిపిస్తాయి. కొన్ని పాత ఈ-రీడర్లలో తెలుగు ఒత్తులు విడిపోయి పక్కకు పడతాయి.

ఇక రాసేవాళ్ల వైపు. తగ్గించిన మార్కు ఇక్కడిదే. సైటు మీటలు, సూచనలు అన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, తెలుగు పాఠకులు పలచగా ఉంటారు, మొదటి నెలలో ఒక్క వ్యాఖ్య రాకపోయినా ఆశ్చర్యం లేదు. దానికి సిద్ధపడి రండి. పోస్ట్ చేసేటప్పుడు భాష గడి సరిగా నింపకపోతే భాష ఫిల్టరుతో వెతికేవాళ్లకు మీ కథ కనబడదు. పేరు తెలుగు లిపిలో పెట్టండి, ట్యాగులు మాత్రం దిగే జాబితాలోంచి ఇంగ్లీషువే ఎంచుకోండి. ఒక కథకు అన్నీ కలిపి 75 ట్యాగుల వరకే. అందులో పదిహేను దాటితే పాఠకుడు చదవడు. సారాంశానికి 1,250 క్యారెక్టర్ల హద్దుంది. తెలుగులో గుణింతం, ఒత్తు విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి అనుకున్నదానికన్నా ముందే నిండిపోతుంది. మూడు వాక్యాల్లో చెప్పడం అలవాటు చేసుకోండి. పదాల సంఖ్య గురించి ఒక మాట: ‘చెయ్యలేకపోయానన్నాడు’ మనకు ఒక పదం, ఇంగ్లీషులో అయిదారు. తెలుగులో 20,000 పదాల కథ అక్కడి 30,000 పైచిలుకు కథతో సమానంగా నడుస్తుంది. ఇందాక చెప్పిన హద్దుల్ని తెలుగు కథలకు వాడేటప్పుడు ఆ మేరకు తగ్గించుకోండి.

గూగుల్ డాక్స్ నుంచో వర్డ్ నుంచో తెచ్చి అతికిస్తే పేరాల మధ్య ఖాళీ లైన్లు రెట్టింపవుతాయి. రిచ్ టెక్స్ట్ వైపు మార్చి అతికించి, ప్రివ్యూ చూసి, ఆ తర్వాతే పోస్ట్ నొక్కండి. పోస్ట్ చెయ్యని డ్రాఫ్టుని సైటు దాదాపు నెల రోజుల తర్వాత తుడిచేస్తుంది. అసలు ప్రతి మీ దగ్గరే ఉండాలి. డబ్బులడిగే లింకులు, ‘నా పుస్తకం కొనండి’ లాంటివి కథలో గానీ నోట్‌లో గానీ పెట్టకూడదు, నియమాలు ఒప్పుకోవు, ఫిర్యాదు వెళ్తే కథ దాచేస్తారు.

ఉత్తరుడి మీద రాయాలనుకునేవాళ్లకు ఒక కొలత. ఆరు అధ్యాయాలు, ఒక్కొక్కటి 2,500 నుంచి 3,000 పదాలు. అంతఃపురం ప్రగల్భాలకు ఒక్క అధ్యాయం మించొద్దు, అది అందరికీ తెలుసు. పరుగు రెండో అధ్యాయం చివర రావాలి. జమ్మిచెట్టుకు ఒక అధ్యాయం పూర్తిగా ఇవ్వండి, కథ మలుపు తిరిగేది అక్కడే. ఎక్కేటప్పుడు అరచేతికి తగిలే బెరడు, మూట చుట్టూ కట్టిన తాడు, కిందనుంచి వినబడే ఆ గొంతు, ఇవన్నీ పాఠకుడికి అందాలి. ఎక్కువమంది చేసే పొరపాటు, చెట్టు దిగాక ఉత్తరుణ్ణి మహావీరుడిగా మార్చెయ్యడం. వాడు భయపడుతూనే తోలాలి. పగ్గాలు చేతుల్లో జారాలి. ఇంకో పొరపాటు, నాటకాల్లో చూసిన హాస్యగాడి మాటతీరుని చివరిదాకా కొనసాగించడం. కొలువు సన్నివేశంలో ఆ గొంతు మారకపోతే ఆ ఒక్క మాటకు బరువు రాదు. మూలం చూసుకోవడానికి తి.తి.దే. తాత్పర్యంతో వేసిన ఆంధ్రమహాభారతం సరిపోతుంది. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో అడగండి, లేదంటే లెనిన్ సెంటర్ పాత పుస్తకాల్లో విడి సంపుటం కోసం ఓపిగ్గా చూడండి. ఇప్పటివాళ్లు రాసిన వ్యాఖ్యానం నుంచి వాక్యాలు ఎత్తి అతికించొద్దు. తిక్కన పద్యం అందరిదీ, తాత్పర్యం రాసినవారిది వేరే.

పల్నాటి కథ మీద ఇంతవరకు మేము చూసిన ప్రయత్నాలు తక్కువ. కారెంపూడి పక్కన పెట్టుకుని అది జరగడం అన్యాయం. కోడిపందెం ఓడి బ్రహ్మనాయుడి వర్గం రాజ్యం విడిచి వెళ్లడం, ఎవరిని నమ్మాలో తేల్చుకోలేని నలగాముడు, నాగమ్మ, బాలచంద్రుడు. ఎవరు ఎవరిని ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్న ప్రతి పాత్ర దగ్గరా నిలబడుతుంది. కాకపోతే అక్కడ ఇప్పటికీ వీరారాధన జరుగుతుంది, కొలిచే మనుషులున్నారు. ఎవరినైనా చులకన చేసే రాత అక్కడ పనికిరాదు.

చివరగా, ఇంట్లో పెద్దవాళ్లు ఫోన్‌లో చదవలేరని మీ కథనే అచ్చు తీయించాలనుకుంటే. ఇంకొకరి కథైతే వ్యాఖ్యల్లో అడిగి ఒప్పుకున్నాకే తీయించండి. సొంతానికి రెండు మూడు కాపీలు సరే, అమ్మకం మాత్రం వద్దు. గవర్నర్‌పేటలో డీటీపీ, జిరాక్స్ షాపులకు కొదవ లేదు. ఒక విషయం ముందే కనుక్కోండి. కొన్నిచోట్ల ఇంకా పాత పేజ్‌మేకర్, అను ఫాంట్లతోనే పని నడుస్తుంది. మీ యూనికోడ్ తెలుగు అందులో అతికిస్తే పిచ్చి అక్షరాలో ప్రశ్నగుర్తులో వస్తాయి, మళ్లీ మొత్తం టైప్ చేయించాలంటారు. ఆ ఖర్చు అనవసరం. ఇంట్లోనే లిబ్రేఆఫీస్‌లో ఏ5 సైజు పేజీ, మండలి గానీ నోటో సెరిఫ్ తెలుగు గానీ 12 పాయింట్లు, వెన్ను వైపు మార్జిన్ 20 మిల్లీమీటర్లు పెట్టి, ఫాంట్లు లోపలే ఉండేలా పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. 70 జీఎస్ఎం కాగితం, రెండువైపులా ముద్రణ. 60 పేజీల్లోపైతే మధ్యలో పిన్ను కొట్టించండి, పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి. 150 దాటితే పర్ఫెక్ట్ బైండింగ్. స్పైరల్ చవకే గానీ తెలుగు పుస్తకంలా అనిపించదు, అరలో పక్క పుస్తకాలకు తగులుకుంటుంది.

మొత్తం తీయించే ముందు ఒక్క షీటు ముద్రించి చూపించమనండి. అందులో ‘లక్ష్మి’, ‘స్త్రీ’, ‘సామర్థ్యం’ మూడు మాటలూ ఎక్కడున్నాయో వెతికి చూడండి. ఒత్తులు అక్షరం కిందే కుదురుగా కూర్చుంటే మిగతా కాపీలు తీయమని చెప్పండి.